మోచెయ్యి లోతు చెలమ

ఓబులేసుకి నీళ్ల రుచి తెలుసు. కొందరు పులుసు నాలిక్కి రాసుకుని అది ఎవరింటి వంటో చెప్పేస్తారు చూడండి, అలాగే అతను గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని అవి బోరువో, చెరువువో, ట్యాంకరువో చెప్పేస్తాడు. కదిరి పక్క పల్లెలో పుట్టినవాడికి ఈ విద్య ఒకరు నేర్పనక్కర్లేదు. అక్కడి బోరు నీళ్లు పళ్ల మీద గోధుమరంగు చారలు గీసి మరీ నేర్పిస్తాయి. ఓబులేసు నవ్వినప్పుడు ఆ చారలు కనిపిస్తాయని అతను తక్కువ నవ్వుతాడు.

దోహాలో, అబూ హమూర్‌లో, ఒక పెద్ద ఇంటి గేటు పక్క గదిలో అతను పదకొండేళ్లుగా ఉంటున్నాడు. డ్రైవరు. పిల్లల్ని బడికి దింపుతాడు, ఇంటావిణ్ణి బజారుకి తీసుకెళ్తాడు, శుక్రవారం సెలవు దొరికితే అల్ మన్సూరాలో తెలుగువాళ్ల హోటలుకి వెళ్లి అన్నం, పప్పు, గోంగూర పచ్చడి తిని వస్తాడు. రోజూ సాయంత్రం సుభాషిణికి ఫోన్ చేస్తాడు. ఆమె అతని భార్య. ఎత్తగానే అతను అడిగే మొదటి మాట "నీళ్లొచ్చినాయా?" అని. ఊళ్లో కుళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. వచ్చాయనో రాలేదనో తేలాకే మిగతా సంసారం. పెళ్లయి పద్దెనిమిదేళ్లయిన మొగుడూ పెళ్లాలకి ఇంతకంటే ముద్దు మాట ఇంకేముంటుందో నవ్వేవాళ్లే చెప్పాలి.

చలికాలం వస్తే ఆ ఇంటి ముసలాయనకి కాలు నిలవదు. పనివాళ్లంతా ఆయన్ని బాబా కబీర్ అంటారు, పెద్ద బాబా అని. డెబ్బై ఆరేళ్లు, ఒంటినిండా షుగరు, మోకాళ్ల నొప్పులు. అయినా జనవరి రాగానే దక్షిణాన ఎడారిలో డేరాలు వేయించి, డేగని చేతి మీద ఎక్కించుకుని వేటకి పోవాల్సిందే. కొడుకులు ముగ్గురూ వద్దంటారు, ఈయన సరేనంటాడు, తెల్లారేసరికి బండి ఎక్కి కూర్చుంటాడు. ఆ బండి తోలేది ఓబులేసు.

ఆ రోజు పొద్దున లేచేసరికి పొగమంచు. ఎడారిలో మంచేమిటని మన ఊళ్లలో నమ్మరు గానీ, ఖతార్‌లో జనవరి ఉదయాలు కొన్ని అలాగే ఉంటాయి. డేరాకీ బండికీ మధ్య పది అడుగులు నడిస్తే డేరా మాయమైపోతుంది. చప్పుళ్లు కూడా దూదిలో చుట్టినట్టు మెత్తగా వినిపిస్తాయి. ఓబులేసు బండి అద్దం తుడుస్తుంటే వంటమనిషి ఖుత్బుద్దీన్ సామాన్లు ఎక్కిస్తున్నాడు. అతనిది బోధన్. ఓబులేసు కంటే ఐదారేళ్లు చిన్నవాడు.

"నీళ్ల క్యాన్లు, బాబా ఇన్సులిన్ డబ్బా, అన్నీ నా బండిలనే పెట్టిన అన్నా. నువ్వు ఫికర్ జెయ్యకు. నీ ఎనకనే వస్త."

"జతగా రా ఖుత్బూ. ఈ మంచులో తప్పిపోతే ఇద్దరికిద్దరం దొరకం."

"అరె, నీ లైటు ఇడువ తీ."

బాబా కబీర్‌కి ఆ మాటలు పట్టలేదు. ఎడమ చేతికి తోలు తొడుగు, దాని మీద కళ్లకి టోపీ పెట్టిన డేగ. దాని పేరు షమ్మా. మంచు విడిచే వేళకి తనకి తెలిసిన ఒక పల్లంలో సిద్ధంగా ఉండాలని ఆయన తొందర. వేటకి దొరికే పక్షులు అక్కడికే వస్తాయట. "యల్లా, యల్లా" అన్నాడు. ఓబులేసు బండి కదిలించాడు.

అరగంట తరవాత అద్దంలో చూస్తే వెనక లైట్లు లేవు. హారన్ కొట్టాడు. ఎవరూ పలకలేదు. ఆగుదామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. ఈ నేల నాకు అరచేయి లాంటిది, కుడికి తిప్పు, ఇంకా కుడికి, అన్నాడు. ఓబులేసు తిప్పాడు. పదకొండేళ్లలో ఆయన మాటకి అతను ఎదురు చెప్పిందే లేదు. ఉప్పు తేలిన నేల అది, పైన అప్పడంలా పెళుసుగా ఉండి కింద అంతా బురద. ముందు చక్రాలు పటుక్కుమని దిగిపోయాయి, వెనకవి వాటి వెంటే. ఇరుసు దాకా కూరుకుపోయి బండి ఆగింది.

పార తీసుకుని తవ్వాడు. కాళ్ల కింద పరిచే పట్టాలు చక్రాల కింద పెట్టాడు. బండి ముక్కుతూ ఇంకో జానెడు దిగింది. ఫోనులో సిగ్నల్ లేదు. బండిలో మిగిలినవి నాలుగు చిన్న నీళ్ల సీసాలు, కాఫీ పెట్టె, చిన్న గ్యాస్ పొయ్యి. పెద్దాయన డేగతో ముందు సీట్లో కూర్చుని, మంచులోకి చూస్తూ, తాతల కాలం కబుర్లు చెబుతున్నాడు. చుట్టూ ఏమీ లేదు. పైనా కిందా ఒకటే తెలుపు. ఈ లోకంలో బండీ, ముసలాయనా, పక్షీ, తనూ మాత్రమే మిగిలిపోయామేమో అనిపించింది ఓబులేసుకి. భయం వేయలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు ఇలాగే ఉండేది, హాయిగానూ దిగులుగానూ.

భయం పదిగంటలకి వేసింది. అప్పటికి పెద్దాయన మూడు సీసాలు తాగేశాడు. పది నిమిషాలకోసారి దాహం అంటాడు, మరో పది నిమిషాలకి దిగి పక్కకి పోతాడు. పొద్దున వేసుకోవాల్సిన ఇన్సులిన్ ఖుత్బుద్దీన్ బండిలో ఉంది. షుగరు పెరిగితే ఒంట్లో నీళ్లన్నీ లాగేస్తుందని, ఈయన్ని నీళ్లకి మాత్రం మాడ్చొద్దని డాక్టరు చెప్పినప్పుడు ఓబులేసు ఆ గది గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నాలుగో సీసా కూడా ఇచ్చేశాడు. పదకొండున్నరకి పెద్దాయన పెదాలు తెల్లగా పొక్కులు కట్టాయి, మాట ముద్దగా వస్తోంది. ఓబులేసుని చూసి "సాలెం" అన్నాడు. సాలెం ఆయన తమ్ముడు, చనిపోయి ఇరవై ఏళ్లయిందని ఇంట్లో అనుకోగా విన్నాడు.  నీళ్లు దొరక్కపోతే ఈయన సాయంత్రం దాకా ఉండడని అతనికి అర్థమైంది.

అప్పుడే మంచు పలచబడింది. ఓ ఫర్లాంగు అవతల, పల్లంలో, ఆకుపచ్చగా మసక గీత. ఇంకాస్త విడిచేసరికి అది చెట్టయింది. రేగు చెట్టు. ఇక్కడివాళ్లు సిదర్ అంటారు గానీ ముల్లు చూసినా ఆకు చూసినా రేగే. పోయిన వారం వాన పడింది, ఆ వాన ఎక్కడికో పోయి ఉండాలి కదా. నీరు పల్లమెరుగు.

"బాబా, ఆడికి పోదాం. ఆడ మోయా ఉంటాది" అన్నాడు. మోయా అంటే నీళ్లు. వాళ్లిద్దరి మధ్యా ఉన్న భాష ఇంతే, కొన్ని అరబ్బీ ముక్కలు, కొన్ని హిందీ ముక్కలు, మిగిలింది చేతులు. ఓబులేసు కంగారులో ఉంటే కదిరి తెలుగు కూడా కలిసిపోయేది.

పెద్దాయన నడవలేడు. ఓబులేసు వంగి వీపు చూపించాడు. ముసలాయన ఎక్కాడు గానీ డేగని బండిలో వదలనన్నాడు. వదిలితే వదలండి లేకపోతే నేను మోయను అనే ధైర్యం ఓబులేసుకి ఎక్కడిది? ఒక చేత్తో పార, మెడలో గ్యాస్ పొయ్యి కూడా కుక్కిన కాఫీ పెట్టె పట్టీ, వీపు మీద యజమాని, యజమాని చేతి మీద షమ్మా. వేటకి పోయిన డేగని మనిషి మోయడం, ఆ మనిషిని ఇంకో మనిషి మోయడం ఆ ఎడారి ఎన్నడూ చూసి ఉండదు. మంచు ముక్కలు ముక్కలుగా విడిపోతూ వాళ్ల పక్కనుంచి జారిపోతోంది. ముసలాయన బరువు తక్కువ. ఎండిన కంది కట్టె మోపులా ఉన్నాడు. మెడ మీద ఆయన ఊపిరి వేడిగా తగులుతోంది. ఆ నడక ఎంతసేపు నడిచాడో ఓబులేసుకి ఇప్పటికీ లెక్క తెలియదు. నేల మీద నడిచినట్టే లేదంటాడు.

చెట్టు పక్క పల్లంలో వాననీటి మడుగు ఉంది. పెద్దాయన కళ్లు మెరిశాయి, చెయ్యి చాచాడు. ఓబులేసు వంగి వాసన చూశాడు. పచ్చగా నాచు, అంచుల నిండా ఒంటెల పేడ, నీటి మీద పురుగులు. "ఇది తాగే నీళ్లు కాదు బాబా" అని ఆయన్ని చెట్టు నీడన కూర్చోబెట్టి, మడుగుకి దూరంగా, ఎగువన ఇసక తేలిన చోట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

దాహమేసినప్పుడు బావి తవ్వినట్టు అని మనవాళ్లు ఎగతాళి చేస్తారు. చిత్రావతి ఒడ్డున పుట్టినవాళ్లకి అది ఎగతాళి కాదు, రోజువారీ పని. ఏరు ఎండిపోతే ఇసకలో చేతుల్తో చెలమ తీస్తారు. ఇసక వడగట్టిన నీళ్లు అడుగున తేటగా ఊరతాయి. ఓబులేసు వాళ్లమ్మ తీసే చెలమ ఏటికి దిగువన ఉండేది. ఎగువ చెలమలు పెద్ద వీధివాళ్లవి, వాటి దగ్గరికి వీళ్లు పోకూడదు. వీళ్ల చెలమలో వాళ్లు చెయ్యి పెట్టరు.

మోచెయ్యి లోతు తీసేసరికి ఇసక చల్లబడింది. ఇంకో బెత్తెడు తీసేసరికి అడుగున తడి మెరిసింది. చూస్తూ ఉండగానే గోరంత, రూపాయి కాసంత, అరచేయంత నీళ్లు ఊరాయి. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. తియ్యగా ఉన్నాయి! ఉప్పు లేదు, చేదు లేదు. ఓబులేసుకి గట్టిగా అరవాలనిపించింది. అరిచాడు కూడా.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ సగంలో అయిపోయేది. కానీ అతను దోహాకి రాకముందు ఎనిమిదేళ్లు బోరు లారీ మీద పనిచేశాడు. వాళ్ల సీమలో నీళ్లంటే కిందే. రెండొందల అడుగుల్లో పడకపోతే నాలుగొందలు, అక్కడా పడకపోతే ఎనిమిదొందలు. కాస్త తడి తగిలిందంటే ఇంకా దించు, ఇంకా దించు అని అరవడమే ఆ పని. అరచేయంత నీళ్లు ఊరితే చాలదనుకున్నాడు. ఒక్క పట్టు పడితే బిందెడు వస్తాయని పార ఎత్తుకుని గబగబా నడుము లోతు దించేశాడు. నీళ్లు బుసబుస వచ్చేశాయి. ఆనందంగా దోసిట పట్టి నోట్లో పోసుకున్నాడు.

సముద్రం. ఉత్త ఉప్పు. ఉమ్మేశాడు.

పైన ఊరిన కాసిని తీపి నీళ్లు కూడా ఆ ఉప్పులో కలిసిపోయాయి. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. ఓబులేసు ఆ గోతి అంచున కూలబడ్డాడు. చేతులు బొబ్బలెక్కాయి, నోరు ఉప్పుతో మండుతోంది. తన తెలివితక్కువకి తనమీద తనకే అసహ్యం వేసింది. ముసలాయన వైపు చూడటానికి కూడా సిగ్గుపడ్డాడు.

ఆయనే పిలిచాడు. చెట్టుకి ఆనుకుని, కళ్లు సగం మూసుకుని, నిద్రలో మాట్లాడినట్టు అరబ్బీలో మాట్లాడాడు. మాట్లాడటం సరిగ్గా రాకపోయినా వింటే ఓబులేసుకి అర్థమవుతుంది. "సాలెం, పార పెట్టకూడదని నాన్న చెప్పలేదా? హసీ చేత్తోనే తియ్యాలి. తియ్యనివి వాన నీళ్లు. ఉప్పు నీళ్ల మీద తేలతాయి, పాల మీద మీగడలాగా. లోతుకి పోతే సముద్రం లేస్తుంది."

హసీ అంటే వాళ్ల చెలమ అన్నమాట. చెలమకి ఇక్కడ కూడా పేరుందని, ముసలాయన చిన్నప్పుడు తన తమ్ముడితో కలిసి తీసేవాడని ఓబులేసుకి ఆ క్షణం దాకా తెలియదు. ఏసీ గదుల ఇంటి యజమాని కూడా ఒకప్పుడు ఇసకలో మోకాళ్లూని కూర్చున్నవాడే. సాలెం పార పెట్టి ఉప్పు చేసిన రోజు ఒకటి ఉండే ఉంటుంది.

లేచాడు. ఇరవై అడుగులు అవతలికి పోయి, పారని పక్కన పడేసి, ఈసారి చేతుల్తో తీశాడు. మోచెయ్యి లోతు. తడి తగలగానే ఆపేశాడు. ఆపడమే కష్టం. ఇంకో బెత్తెడు, ఇంకో బెత్తెడు అని వేళ్లు పీకుతుంటే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు వాటి ఇష్టమొచ్చినట్టు ఊరాయి. ముసలాయన పాక్కుంటూ వచ్చి చెలమ పక్కన వాలాడు. చూస్తుండగానే వేళ్లు అందులో ముంచి ముఖానికి అద్దుకున్నాడు.  తను తీసిన చెలమలో పెద్దింటివాళ్ల చెయ్యి పడటం అతను పుట్టాక అదే మొదటిసారి.

కాఫీ ఫింజాన్‌తో, ఆ చిట్టి కప్పుతో, కదపకుండా తోడాడు. పెద్దాయన తలగుడ్డ విప్పి ఇస్తే నాలుగు మడతలు పెట్టి కాఫీ కూజా మూతికి కట్టి వడగట్టాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. ముసలాయన చెయ్యి చాచాడు. ఓబులేసు గ్యాస్ పొయ్యి వెలిగించి కూజా దాని మీద పెట్టాడు.

"ఇటివ్వు."

"మరగాల బాబా."

"పుట్టినప్పటినుంచీ ఈ నీళ్లే తాగాను. నాకేం కాలేదు. ఇటివ్వు."

"అప్పుడు నీకు ఏడేండ్లు బాబా. ఇప్పుడు డెబ్బై ఆరు."

పెద్దాయనకి కోపం నషాళానికెక్కింది. ఎక్కడి బలం వచ్చిందో, చెయ్యి ఎత్తి కూజా మీదికి వచ్చాడు. "నేను నీ యజమానిని! ఇవ్వమంటున్నాను!"

"లా" అన్నాడు ఓబులేసు. లా అంటే లేదు, కుదరదు. పదకొండేళ్లలో ఆ మాట ఆ ముసలాయన ముఖం మీద అనడం ఇదే. అని, కూజాకీ ఆయనకీ మధ్య అడ్డంగా కూర్చున్నాడు.  ఉద్యోగం పోతుందని తోచలేదు, చెల్లెలు గుర్తొచ్చింది. అంజినమ్మకి ఐదేళ్లు. పశువులు తొక్కిన చెలమ నీళ్లు చల్లగా ఉన్నాయని తాగింది, రెండు రోజులు వాంతులూ విరేచనాలూ అయి పోయింది. ఆ తరవాత వాళ్లమ్మ బతికినన్నాళ్లూ పొంగు వచ్చాక వంద లెక్కపెట్టందే పొయ్యి మీదనుంచి నీళ్లు దించేది కాదు. ఇదంతా ఏ భాషలో చెప్పాలో తెలియక ఓబులేసు, "నా చెల్లెలు బాబా, చిన్నది, ఇంతే ఉండాది, మోయా తాగి మౌత్" అని చేతితో ఎత్తు చూపించాడు. మౌత్ అంటే చావు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

ముసలాయన ఆ చేతి ఎత్తు వైపు చూశాడు. మెల్లగా వెనక్కి వాలాడు.

కూజా పొంగింది. "ఒకటి, రెండు, మూడు" అని ఓబులేసు పైకే లెక్కపెట్టాడు. పదిహేను దాటాక పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది. పెద్దాయన ముద్దమాటల అరబ్బీలో అతని వెంటే లెక్కపెడుతున్నాడు. ఆఖరి మంచు పోగులు రేగు కొమ్మల్లోంచి లేచిపోతున్నాయి. షమ్మా టోపీ కింద తల తిప్పి తిప్పి వింటోంది. ఇద్దరు మనుషులు రెండు భాషల్లో వంద దాకా నడిచి వెళ్లారు. ఓబులేసు ముందు చేరుకుని ఆయన వచ్చేదాకా ఆగాడు.

చల్లార్చి, ఫింజాన్‌లో పోసి పట్టాడు. ఒకటి, తరవాత ఇంకోటి. కూజా ఖాళీ అయింది. మళ్లీ తోడటం, మళ్లీ వడగట్టడం, మళ్లీ వంద. కూజా నిండా నీళ్లు ఊరాలంటే పావుగంట. అలా ఏడు కూజాలు పట్టించాడు. నాలుగో కూజాకి పెద్దాయన పెదాలు తడి పట్టాయి. ఆరోదానికి కళ్లు తెరిచి, "ఓబూ, బండి ఎక్కడ?" అని అడిగాడు. సాలెం అనలేదు. ఓబులేసు పల్లం అవతలికి చెయ్యి చూపించాడు.

మంచులో దారి తప్పిన ఖుత్బుద్దీన్ డేరాకి తిరిగిపోయి, మధ్యాహ్నం భోజనానికైనా వస్తారని ఎదురుచూశాడట. రాకపోయేసరికి కొడుకులకి చెప్పాడు. వాళ్లు తడి నేల మీద టైరు గుర్తులు పట్టుకుని, పొద్దు వాలుతుండగా మూడు బండ్లలో వచ్చారు. ఖుత్బుద్దీన్ ముందు దూకి ఇన్సులిన్ డబ్బా తెచ్చాడు. పెద్దకొడుకు తండ్రిని ముందు సీట్లో ఒరిగించి, చుట్టూ చూశాడు. గోతులు రెండు, ఒంటె పేడ, మట్టి కొట్టుకుపోయిన తలగుడ్డ, కూజా.

"ఈ గుంట నీళ్లు తాగించావా మా నాన్నకి? పిచ్చెక్కిందా నీకు? షుగరు మనిషి! ఏమన్నా అయితే ఎవడు జవాబు చెప్తాడు?"

ఓబులేసు తల దించుకున్నాడు. గుంట నీళ్లు కావు, చెలమ నీళ్లు, కాచిన నీళ్లు అని చెప్పాలని ఉంది. 

"ఊరుకో" అన్నాడు పెద్దాయన లోపలినుంచి. మాట సన్నగా ఉన్నా తేటగా వచ్చింది. "అతను తాగమన్నప్పుడు తాగాను. ఆగమన్నప్పుడు ఆగాను. మా అమ్మ పోయాక ఒకరు ఆగమంటే నేను ఆగడం ఇదే."

 కొడుకు చేతిలో తండ్రి కోసం తెచ్చిన చల్లటి నీళ్ల సీసా అలాగే ఉంది. పెద్దాయన దాన్ని అందుకున్నాడు. మూత తీసి నోటి దాకా తెచ్చుకుని, ఆగి, ఓబులేసు ముఖంలోకి చూశాడు. 

"ఓబూ, నువ్వు తాగావా?"

ఓబులేసు జవాబు చెప్పబోయాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయి కదల్లేదు. పొద్దున చీకట్లో తాగిన టీ తప్ప ఆ రోజు తన గొంతులోకి ఏమీ దిగలేదని అతనికి అప్పుడే తెలిసింది. ఆ ఉప్పు నీళ్లు కూడా ఉమ్మేశాడు. ప్రతి కూజా నిండినప్పుడూ ముసలాయన పెదాలే కనిపించాయి గానీ తన పెదాలు గుర్తురాలేదు.

"అరె అన్నా, నువ్వేం తాగలేదా?" అన్నాడు ఖుత్బుద్దీన్, ఏడుపు గొంతుతో.

పెద్దాయన బండి తలుపు పట్టుకుని కిందికి దిగాడు. కొడుకు వద్దంటున్నా దిగాడు. ఒక చేత్తో ఓబులేసు భుజం పట్టుకుని, రెండో చేత్తో సీసా అతని నోటికి అందించాడు. ఓబులేసు ఏడుస్తూ తాగాడు. సగం నీళ్లు గడ్డం మీదుగా చొక్కా మీద కారిపోయాయి. సీసా ఖాళీ అయ్యేదాకా పెద్దాయన కూర్చోలేదు.